అద్దాల బీరువాలో ఈరమ్మ ఇస్త్రీ పెట్టె

మా గల్లీలో ఎవరింట్లో ఏ కూరో నాకు తెల్వకుండ ఉండదు. అందుకే ఈరమ్మ సంగతి నేనే రాయాలె.

ఈరమ్మది నల్లగొండ దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీ మలుపున, కోచింగ్ సెంటర్ లెక్చరర్ వెంకటేశ్వరరావు గారి గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్నది. ఇత్తడి పెట్టెలో బొగ్గులు పోసి విసిరితే పొగంతా సీదా ఆయన బాల్కనీలోకే పోయేది.

"ఇల్లంతా మసి ఈరమ్మా! కరెంటు పెట్టె కొనుక్కో, మా మీటర్ నుంచి వైరు లాక్కో. లేదా బండి తీసేయ్" అని ఒకరోజు తేల్చేసిండు.

ఆ జాగ పోతే ఈరమ్మ గిరాకీ పోయినట్టే. నేనే మహిళా సంఘంలో చేర్పించి, ఖాతా తెరిపించి, బ్యాంకుకు తోల్కపోయిన.

"లోను దేనికమ్మా?" అన్నడు మేనేజర్.

"సారు ముక్కు కోసం" అన్నది ఈరమ్మ. ఆయన రాయబోయి ఆగిండు.

కరెంటు పెట్టె వచ్చింది, పొగ పోయింది. వెంకటేశ్వరరావు గారు మురిసిపోయి, పాత పెట్టెను అడిగి తీసుకుని, చింతపండుతో తోమించి హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నడు.

నాకేమో ఒక అనుమానం. "సారూ, గీ కరెంటు ఎట్ల తయారైతది?"

"ఎక్కడో దూరంగా బొగ్గు మండించి అండి."

"అంటే మన గల్లీ పొగను గాడికి తోలినమా?"

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నడు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు తవ్వేటోళ్లు గనులు దిగలేదు; మాకు కరెంటు కోతలు. ఈరమ్మ ధర్నాలో గొంతు పోయేటట్టు జై తెలంగాణ అని వచ్చేసరికి పెట్టె సల్లగ, మూటలు గుట్టగ. జనమేమో మూటలు వాపస్ తీసుకుని, మెయిన్ రోడ్డు మీద జనరేటరున్న షాపుకు పోవుడు మొదలుపెట్టిన్రు. ఆ జనరేటరు పొగ ముందు ఈరమ్మ పొగ అగరొత్తే.

"సారూ, నా పెట్టె నాకియ్యుండ్రి. గిరాకీ మొత్తం పోతున్నది."

"అది షోకేసు వస్తువు ఈరమ్మా. పైగా మళ్లీ పొగా?"

లోపల్నుంచి ఆయన భార్య కోటేశ్వరమ్మ నలిగిన తెల్ల చొక్కా పట్టుకొచ్చింది. "సాయంత్రం ఎల్బీనగర్‌లో వియ్యంకుల ఇంటికి ఇదేసుకుని వస్తారా? తియ్యండి ఆ అద్దం!"

తీసిండు.

"విసరనీకి నాకు చెయ్యి ఖాళీ లేదు సారూ, జర మీరు..." అని ఈరమ్మ విసనకర్ర ఆయన చేతిలో పెట్టింది. కండ్లల్ల నీళ్లు కార్చుకుంట విసిరిండు.

"పొగ ఎక్కువైందా సారూ?" అన్న.

"లేదండీ అండాలమ్మ గారూ, మంచి వాసన" అని దగ్గిండు.

సమ్మె అయిపోయి కరెంటు నిలబడినంక, పెట్టె మళ్లీ అడిగిండు.

"ఇస్త సారూ. గా పెట్టె మీ బీరువాల ఉన్నన్ని దినాలు నా బండి మీ గేటు కాడ ఉంటది. పొగున్నా లేకున్నా లేపొద్దు. ఈ అండాలమ్మ పెద్దమ్మే సాక్షి."

ఆయన నా దిక్కు చూసిండు. నేను గట్టిగ తలూపిన.

ఇప్పుడు చుట్టాలొస్తే ఆయన ఆ పెట్టెనే చూపిస్తడు. ఈరమ్మ కూడా బట్టలియ్యబోయినప్పుడల్లా కిటికీలోంచి తొంగి చూసి, పెట్టె ఉన్నదని ఖాయం చేసుకున్నంకనే బండి కాడికి పోతది.