ఇస్త్రీ చేసిన శాలువా

టైలరుకు లోకంలో ఇద్దరంటే గిట్టదు. ఒకడు తూర్పు ఏరియా టైలరు. రెండోవాడెవడో అతనికే తెలియదు, అందుకే వాడంటే మరీ ఒళ్లుమంట.

అడవిలోని తిరుగుబాటుదారులు ఆ ప్రాంతాన్నంతా ఏరియాలుగా పంచుకున్నారు. ఒక్కో ఏరియాకు ఒక దళం, ఒక కమాండరు, మందులిచ్చే మనిషి, ఊళ్లో ఉండి యూనిఫారాలు కుట్టే టైలరు. దక్షిణం ఏరియాకు మనవాడు. ముందు గదిలో బడిపిల్లల చొక్కాలు కుట్టేవాడు, వెనక గదిలో ఆకుపచ్చ చొక్కాలు. తూర్పువాడి చొక్కాలకు జేబులు బాగా కుదురుతాయని ఎవరో అన్నారట. ఇక ఆ నెలంతా ఆ జేబుల్ని తిట్టుకుంటూనే అన్నం తిన్నాడు మహానుభావుడు.

రెండోవాడి సంగతి వేరు. దళం పనిలో ఒక కట్టుబాటుంది. ఎవరికైనా తన ముందు మనిషి, తన తర్వాతి మనిషి మాత్రమే తెలియాలి. ఒకరు దొరికినా అందరూ దొరక్కూడదని ఆ ఏర్పాటు. టైలరుకు ముందు మనిషి, గుడ్డ తెచ్చిచ్చే బట్టల మూటాయన. తర్వాతి మనిషి సాక్షాత్తూ పెళ్లామే. కుట్టిన చొక్కాలు బుట్ట అడుగున పెట్టి, పైన పాతబట్టలు కప్పుకొని ఆమె బయలుదేరేది. ఎవరికిస్తుందో మొగుడు అడగకూడదు, ఆమె చెప్పకూడదు. మొదట్లో అతనూ పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసింది శాలువా. వెళ్లేటప్పుడు నలిగిన శాలువా, తిరిగొచ్చేసరికి కత్తిలాంటి మడతలతో ఉండేది. ఇంకే మొగుడైనా గమనించేవాడు కాదేమో. పొద్దస్తమానం గుడ్డనే చూసే ఇతని కళ్లకు ఆ మడతలు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఇంట్లో ఇంత లావు ఇస్త్రీపెట్టె ఉండగా, నా పెళ్లాం శాలువా పరాయివాడు ఇస్త్రీ చేయడమేంటి? పైగా ఆమె నవ్వుతూ వచ్చేది. ఒకరోజు పనులన్నీ పక్కనబెట్టి ఆ శాలువాను తనే ఇస్త్రీ చేసిచ్చాడు. ఆమె ఎగాదిగా చూసి, కప్పుకొని వెళ్లింది. తిరిగొచ్చాక చూస్తే, తను వేసిన మడత పక్కన కొత్త మడత!

ఆ తర్వాతిసారి దుకాణానికి తాళం వేసి, ఆమె వెనకాలే పిల్లిలా నడిచాడు.

ఆమె మార్కెట్ వెనక ఉన్న లాండ్రీలోకి వెళ్లింది. అడవి అంచున ఉన్న అతిథి గృహాలకు దుప్పట్లు ఉతికి పంపే దుకాణమది. ఒత్తైన జుట్టున్న బక్కపలచటి కుర్రాడొకడు బల్లమీద శాలువా పరిచి తీరిగ్గా ఇస్త్రీ చేస్తున్నాడు. ఈవిడ స్టూలు మీద కూర్చొని టీ తాగుతూ పగలబడి నవ్వుతోంది. తనింట్లో అలా నవ్వి ఎన్నాళ్లయిందో టైలరుకు గుర్తురాలేదు. ఒక్క ఉదుటున లోపలికి దూరాడు.

"ఏమే, మనింట్లో ఇస్త్రీపెట్టె చచ్చిందా?"

ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. లాండ్రీవాడు మాత్రం, "ఓహో, టైలరన్న మీరేనా!" అనేసి వెంటనే నాలుక్కరుచుకున్నాడు.

"అయిపోయింది" అంది ఆమె, టీ గ్లాసు కింద పెడుతూ. "మన ముగ్గురి పనీ అయిపోయింది."

దారంతా గొంతు తగ్గించి అతన్ని కడిగేసింది. "చొక్కాలు దుప్పట్ల మధ్య సర్దేదాకా నేనక్కడ కూర్చోవాలా వద్దా? ఊరికే కూర్చుంటే ఎవరైనా అనుమానపడరా? అందుకే శాలువా ఇస్త్రీ!"

"మరి ఆ నవ్వులేంటి?"

"నీ గురించే. అడవిలో వాళ్లు నువ్వు కుట్టిన చొక్కాలకోసం కొట్టుకుంటున్నారంట. తూర్పువాడివి గుట్టెక్కుతుంటే చంకలో చిరుగుతాయంట. మా ఆయన కుట్టు అలాంటిది మరి అని గొప్పలు పోతున్నా."

"ఈ సంగతి పైవాళ్లకు చెప్పొద్దే" అని టైలరు బతిమాలాడు.

"చెప్పకపోతే ఎలా? రేపు పట్టుబడితే దెబ్బలకు ఓర్చుకుంటావా నువ్వు? సూది గుచ్చుకుంటేనే వీధంతా వినబడేలా అరుస్తావు. ఆ పిల్లాడి ప్రాణం నీ నోట్లో ఉందిప్పుడు."

ఆమె చెప్పేసింది. వారం తిరక్కుండా బట్టల మూటాయన దుకాణానికొచ్చి, కొలతలిస్తున్నట్టు చేతులు చాపి నిలబడి తీర్పు వినిపించాడు.

"తమ్ముడూ, ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు కాబట్టి ఒకే ఊళ్లో ఉండకూడదు. నీ దుకాణం మూస్తే నలుగురూ అడుగుతారు. నువ్వుండు. వాళ్లిద్దరూ ఉత్తరం ఏరియాకు వెళ్తారు."

"ఇద్దరూనా?" టేపు జారిపోయింది టైలరు చేతిలోంచి. "ఒకే చోటికా అన్నా?"

"అక్కడ కొత్తగా ఇల్లు తీసుకోవాలి. ఒంటరివాళ్లకు ఎవరిస్తారు అద్దెకు? ఆలుమగలమని చెప్పుకోవాలి. ఎటూ ఒకరికొకరు తెలిసినవాళ్లేగా, కొత్తగా ఇంకెవరికీ తెలియక్కర్లేదు."

టైలరు ఆ మాటకు ఏడవబోయి, బయట ఎవరో బడిపిల్లాడి తల్లి నిలబడి ఉండటం చూసి ఆగిపోయాడు. వెళ్లే రోజు పెళ్లాం బుట్ట తీసుకొని గుమ్మం దగ్గర నిలబడింది. "నువ్వు అడిగుంటే, కట్టుబాటు సంగతెలా ఉన్నా, ఎప్పుడో చెప్పేసేదాన్ని" అంది. అతను అడగలేదన్నది నిజమే. అనుమానపడటంలోనే పొద్దంతా గడిచిపోయింది.

కొన్నాళ్లకు మూటాయన మళ్లీ వచ్చాడు. ఉత్తరంలో ఇల్లు తీసుకున్న దంపతులకు మామూలు బట్టలు కావాలట. ఆయనకు చొక్కా, మూటలో పంపిన ఆవిడ శాలువాకు కొత్త అంచు. దంపతులన్న మాట టైలరు చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. చొక్కాను కావాలనే వదులుగా, భుజాలు జారేలా కుట్టాడు. ఇన్నేళ్లలో అతని చేతిమీదుగా అంత వికారమైన చొక్కా బయటికి పోలేదు. శాలువాకు మాత్రం తన కళ్లకే కనబడనంత సన్నటి కుట్టు వేశాడు. వేసి, నలిగిందాన్ని నలిగినట్టే మూటాయన చేతిలో పెట్టాడు.

"పెట్టె కాలుతూనే ఉందిగా తమ్ముడూ, ఇస్త్రీ చెయ్యవా?"

"ఎందుకన్నా" అన్నాడు టైలరు. "అక్కడ చేసేవాడున్నాడుగా."