మావయ్య చేతితూకం

నిన్న మా అమ్మాయి ఆటల కోసం కొన్న కొత్త కంప్యూటర్ సామానంతా మంచం మీద పరుచుకుని కూర్చుంది. "నాన్నా, ఇదోసారి పట్టుకో" అని ఎస్‌ఎంపీఎస్ నా చేతిలో పెట్టింది. కంప్యూటర్లో అన్నిటికీ కరెంటు పంచే పెట్టె అది. పట్టుకుని ఊరుకోవచ్చుగా! నా చెయ్యి దానంతటదే రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి తూకం చూసింది. "అదేంటి నాన్నా, వంకాయలా?" అని పిల్ల ఒకటే నవ్వు. నాకు మాత్రం ఒళ్లు మండింది, దాని మీద కాదు.

ఆ చేతితూకం మా మావయ్యది. అమ్మ తమ్ముడు, రేపల్లెలో చేపల వ్యాపారం. కాటా అక్కర్లేకుండా చేపని చేత్తో ఎత్తి బరువు చెప్పేవాడు, తేడా వస్తే కాటానే తిట్టేవాడు. పుచ్చకాయైనా, ఇత్తడి బిందైనా, మంచి సరుకంటే బరువుండాల్సిందే ఆయన లెక్కలో. మా అక్కకి సంబంధం తెచ్చిందీ ఆయనే. ఆ వచ్చిన బావకి తెనాలిలో కంప్యూటర్ల షాపు. మొట్టమొదట నాచేత కీబోర్డు ముట్టించింది ఆ బావే. ఆయనంటే నాకు ప్రాణం.

రెండు వేల ఆరో ఏడో. బాపట్లలో డిగ్రీ చదువుతూ, రెండు వేసవులు అంగలకుదురులో పిల్లలకి లెక్కలు చెప్పి, కార్ల రేసు ఆడటానికి గ్రాఫిక్స్ కార్డు సంపాదించాను. ఎస్‌ఎంపీఎస్ నాసిరకమైతే కార్డు మాడిపోతుందని ఎక్కడో చదివి, మంచిది ఏరడానికి మావయ్యని వెంటబెట్టుకుని బావ షాపుకెళ్లాను. మా తెలివి అలా ఏడిచింది! బావ రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. "మీ చేత్తోనే చూడండి మావయ్యగారూ, మీకు తెలియనిదేముందండీ!" అన్నాడు. మావయ్య రెండూ ఎత్తి చూసి, "ఇదిరా సరుకంటే!" అని బరువైనది నా ఒళ్లో పెట్టాడు. లోపలి రకం గురించి నేనేదో అడగబోతే బావ నా భుజం మీద చెయ్యేశాడు.

"నా ఇంటి పిల్లాడికి నాసిరకం ఇస్తానేంట్రా?"

నాలుగోరోజు మధ్యాహ్నం, కారు చివరి మలుపులో ఉండగా టప్‌మంది. కాలిన కంపు. కార్డు పోయింది. మరలు విప్పి చూద్దును కదా, ఎస్‌ఎంపీఎస్ మూలన బెల్లం అచ్చంత ఇనుపదిమ్మ, జిగురు పెట్టి అతికించి ఉంది. దానికి ఒక్క వైరూ తగల్లేదు. దాని పనల్లా మావయ్య చేతిలో తూగడమే.

దిమ్మ తీసుకెళ్లి బావ ముందు పెట్టాను. ఆశ్చర్యపోతాడేమోనని మొహంకేసే చూశాను. పోలేదు. "ఏరింది మీ మావయ్యే కదరా" అన్నాడు.

ఛీ! కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? అక్కతో చెప్పుకున్నాను. అక్క తలెత్తకుండా పప్పు వడ్డిస్తూ, "మావయ్యకి తెలియనివ్వకురా, కుంగిపోతాడు" అంది. అక్కకి ముందే తెలుసేమో, అడగలేదు. మావయ్య పోయేదాకా కనబడినప్పుడల్లా "పెట్టె ఎలా ఉందిరా?" అని అడిగేవాడు. "భేషుగ్గా ఉంది మావయ్యా" అనేవాణ్ణి.

ఆ రోజుదాకా బావని "రా బావా" అనేవాణ్ణి. మర్నాటినుంచి "రండి బావగారూ" అంటున్నాను. కుర్రాడికి మర్యాద వచ్చిందని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. ఇన్నేళ్లు గడిచి నా జుట్టు కూడా నెరిసింది గానీ, ఆ మర్యాద ఇంకా వదల్లేదు.