దారి అడగని పెళ్ళిచూపులు

మా చిన్నతనంలో దారి అడగడమంటే ఇప్పటిలా చేయెత్తి చూపించి పంపేసే వ్యవహారం కాదు. మా ఆత్మకూరు వైపు పల్లెల్లో ఎవరినైనా ఆపి "ఫలానా ఊరికి ఎట్లా పోవాల?" అని అడిగితే, ఆ పెద్దమనిషి ముందు మిమ్మల్ని పైనుంచి కిందిదాకా చూస్తాడు. ఎవరి బిడ్డలు, ఇంటి పేరేమిటి, ఎవరింటికి, ఏం పని మీద, మేనమామది ఏ ఊరు, ఇవన్నీ తేలాకే దారి చెబుతాడు. చెప్పి ఊరుకుంటాడా? పొద్దుగూకేలోగా ఆ కబురు మీరు బయలుదేరిన ఇంటికీ, మీరు చేరాల్సిన ఇంటికీ కూడా అందుతుంది (ఆ రోజుల్లో మా పల్లెల్లో ఫోన్లు లేవు, ఆ లోటూ ఎవరికీ తెలియలేదు). ఈ మర్యాదకు భయపడి, ఇరవయ్యేళ్ళ వయసులో మేం ముగ్గురం వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెనకే కొంచెం సిగ్గూ వేస్తుంది.

ముగ్గురిలో పొడుగోడికి పెళ్ళి కుదిరింది. వాళ్ళ నాయన ఉదయగిరి కొండ కింద ఒక పల్లెలో సంబంధం ఖాయం చేసుకుని వచ్చాడు. పిల్లను వాళ్ళమ్మ చూసింది, మేనత్త చూసింది, బండి తోలిన జీతగాడు కూడా చూశాడు. చూడనివాడు పొడుగోడొక్కడే. "నేను కూడా ఒకసారి చూస్తా నాయనా" అంటే, "నేను చూసినా గదరా, నా కండ్లకేమొచ్చింది?" అన్నాడట పెద్దాయన. పొడుగోడు మా దగ్గరికొచ్చి ఏడ్చినంత పని చేశాడు. "బతుకంతా కలిసుండాల్సిన మనిషిరా. ముక్కెట్లుండాదో కూడా తెలీకుండా తాళి ఎట్లా కట్టేదిరా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. రెండోవాడికి రేడియో అని పేరు, ఎందుకంటే వాడి కడుపులో మాట దాగదు. మూడోవాణ్ణి నేను, ఎవరేం చెప్పినా తలూపడం నా పని. వేసవి సెలవుల్లో ఉదయగిరి కోట చూసొస్తామని ఇళ్ళల్లో చెప్పి, రెండు సైకిళ్ళ మీద ముగ్గురం బయలుదేరాం. అసలు సంగతి ఎవరికీ చెప్పకూడదని రేడియో చేత వాళ్ళమ్మ మీద ఒట్టు కూడా వేయించాం.

ఊరి చివర దారి చీలే చోట మొదటి తగవు వచ్చింది. "అనుమసముద్రంపేట మీదుగా పోదాం, అది తెలిసిన దారి" అన్నాడు రేడియో. పొడుగోడు సైకిలు దిగిపోయాడు. "ఆడ దర్గాకొచ్చే జనంలో మా చుట్టాలెవురో ఒకరు తగలకుండా ఉంటారా? ఈ పక్కనే పోదాం. అదిగో, కొండ కనిపిస్తానే ఉండాది. కొండ కనిపిస్తా ఉంటే దారి అడిగేదేందిరా?" అన్నాడు. పడమటి దిక్కున నీలంగా కొండ నిజంగానే కనిపిస్తోంది. నేను తలూపాను. ఆ తలూపడమే మా కొంప ముంచింది. ఎందుకంటే మాకు పడమర ఉన్నది ఒక కొండ కాదు, ఉత్తరం నుంచి దక్షిణం దాకా బారులు తీరిన కొండలు. వాటిలో ఉదయగిరి ఏదో ఎవరినీ అడగకుండా తేల్చుకోవాలని మా ప్రతిజ్ఞ.

ఎండ ముదిరింది. తుమ్మముళ్ళు గుచ్చుకుని రెండుసార్లు గాలి పోయింది. ఎంత తొక్కినా కొండ దగ్గరికి రాదు, మేమే చిక్కిపోతున్నాం. దారిలో ఒక గొర్రెల కాపరి మమ్మల్ని చూసి కర్ర ఆనించి నిలబడి, "యాడికి అబ్బయా ఇంత ఎండలో?" అని పలకరించాడు. మేం జవాబు చెప్పకుండా, దొంగల్లా తల వంచుకుని అతన్ని దాటిపోయాం. పాపం, ఆ ఒక్క మాటకు బదులిచ్చి ఉంటే కథ అక్కడే ముగిసేది.

మధ్యాహ్నం దాటాక కొండ కిందికి చేరాం. అక్కడో పల్లె. వాళ్ళ నాయన చెప్పిన గుర్తులు పొడుగోడికి కంఠతా వచ్చు: మిద్దె ఇల్లు, ముందర రాతి తొట్టి, పక్కన గడ్డివామి. అన్నీ సరిపోయాయి (మా మెట్ట ప్రాంతంలో ఏ పల్లెకు పోయినా ఇవే గుర్తులన్న సంగతి మాకు తట్టలేదు). అయితే మేం ఊళ్ళో అడుగు పెట్టామో లేదో, తలుపులు ధడధడ మూసుకున్నాయి. వీధిలో ఆడుకునే పిల్లలు కెవ్వుమని పారిపోయారు. ఒక ముసలావిడ చంటిబిడ్డను గంపకింద కోడిపిల్లను దాచినట్టు కొంగు కింద దాచుకుని లోపలికి పరుగెత్తింది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పెళ్ళికొడుకు వస్తే ఊళ్ళో ఇట్లా చేస్తారా? ఇది ఉదయగిరి వాళ్ళ ఆచారమేమో అన్నాడు రేడియో. మంచినీళ్ళు అడుగుదామంటే ఒక్క మనిషి లేడు.

అప్పుడు ఆ మిద్దె ఇంట్లోంచి ఒక పిల్ల వచ్చింది. చంకలో బిడ్డ. మా ముందు నిలబడి, ఆ బిడ్డ చొక్కా చేయి పైకి లాగి మానిపోయిన మచ్చ చూపించింది. "కండ్లు కనపడతా ఉండాయా? పోయిన నెలే గదా అందరికీ ఏసి పోయింది? మళ్ళీ ఎందుకొచ్చినారు? జొరాలొచ్చి పిల్లోళ్ళు ఎంత అల్లాడినారో తెలుసునా?" అని అరిచింది. మా ముగ్గురివీ ఖాకీ నిక్కర్లు. నా చేతిలో మురుకులున్న రేకు డబ్బా. మేం మశూచికి, అదే అమ్మవారికి, టీకాలు వేసేవాళ్ళమనుకున్నారని అప్పుడు అర్థమైంది. నేను డబ్బా మూత తీసి మురుకులు చూపించాను. ఆ పిల్ల ఒక మురుకు తీసుకుని విరిచి, సగం బిడ్డ చేతిలో పెట్టి, ఫక్కున నవ్వి, చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఎవరింటికి వచ్చారని అడిగేలోగా మేం సైకిళ్ళెక్కాం.

పొడుగోడు తిరుగు దారంతా తేలిపోయాడు. "చూసినారా ఆ ధైర్యం? ఊరంతా దాక్కుంటే ఒక్కతే బయటికొచ్చింది. పెండ్లామంటే అట్లుండాలరా!" అన్నాడు. "ఆ బిడ్డెవురిదిరా?" అని రేడియో అడిగితే, "వాళ్ళ అక్క బిడ్డయి ఉంటాదిలే" అని తేల్చేశాడు. ఆ ఉత్సాహంలో మమ్మల్ని వదిలి ముందుకు పోయాడు. మా సైకిలు గొలుసు తెగి, నేనూ రేడియో నడిపించుకుంటూ వస్తుంటే ఒక లారీ ఆగింది. ఉదయగిరి నుంచి వస్తున్నామని చెప్పేసరికి డ్రైవరు కిందికి దిగి మరీ నవ్వాడు. "ఉదయగిరేంది నాయనా, ఇది మర్రిపాడు బాట! మీరొచ్చిన పక్కకు పోతే బద్వేలు. ఉదయగిరి ఆ పక్క" అని వేరే దిక్కు చూపించాడు. రేడియో అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ముందు పొడుగోడు పాట పాడుకుంటూ పోతున్నాడు. "చెప్దామా?" అన్నాను. "ఎట్లా చెప్పేదిరా? వాడి సంబరం చూడు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక రేడియో దాచుకున్న మాట అదొక్కటే. ఆ బరువుకో, తిన్న ఎండకో, వాడికి నాలుగు రోజులు జ్వరం వచ్చింది.

పెళ్ళికి బస్సులో పోతుంటే పొడుగోడు కిటికీలోంచి చూసి, "ఇదేందిరా, ఈ దారి?" అన్నాడు. "బస్సు దారి వేరే, సైకిలు దారి వేరే" అన్నాడు రేడియో. ఎప్పటిలాగే నేను తలూపాను. పందిట్లో జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర దించారు. పెళ్ళికూతురు, సన్నంగా, చామనఛాయగా ఉన్న కొత్త మనిషి, తల ఎత్తి పొడుగోణ్ణి చూసింది. ఆ రోజుల్లో ఏ పెళ్ళికూతురూ అంతసేపు అట్లా తేరిపార చూసేది కాదు. అక్కడున్న ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. పొడుగోడు మాత్రం మమ్మల్ని చూశాడు. అక్షింతలు వేయడానికి మేం వంగితే, "ఈమె ఎవురురా?" అన్నాడు చిన్నగా. "నీ పెండ్లాం" అన్నాడు రేడియో. "నగలు పెట్టినారు గదా, అట్లనే మారిపోతారు" అని నేను తోడయ్యాను.

రెండు నెలలకు, అత్తవారింటికి రెండోసారి పోయొచ్చి, "ఆ ఊళ్ళో టీకాల పిల్లే లేదు గదరా" అని మమ్మల్ని నిలదీశాడు. ఉన్నదంతా చెప్పేశాం. మాతో మాట్లాడ్డం మానేశాడు. స్నేహితుడి బతుకు మా చేతులతో పాడుచేశామని నేను సరిగ్గా అన్నం తినలేదు. పంటలు ఇంటికొచ్చే వేళకు వాడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఆ టీకాల పిల్ల మొగం ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదురా" అన్నాడు. అదేదో పెద్ద ఫిర్యాదులా చెప్పాడు గానీ, ఇంటికి పోయే తొందరలో మజ్జిగ కూడా తాగకుండా లేచాడు.

నలభై ఏళ్ళు గడిచాక ఒక సాయంత్రం వాళ్ళింట్లో కూర్చుని ఈ కథే చెప్పుకుని నవ్వుతున్నాం. పొడుగోడి భార్య కాఫీ తెచ్చి అక్కడే నిలబడింది. "నవ్వుతా ఉండారు గానీ అన్నా, ఆ పొద్దు నా సంగతి మీకెవురికన్నా తెలుసునా? మీరొస్తా ఉండారని మా చిన్నాయన కొడుకు ముందురోజే ఆత్మకూరు నుంచొచ్చి చెప్పినాడు" అంది. మేం రేడియో వైపు చూశాం. వాడు కప్పులోకి చూసుకున్నాడు. ఆమె చెప్పుకుపోయింది. "వడియాలకు కాకులు కాస్తానని మా అమ్మకు చెప్పి మిద్దె ఎక్కి కూచున్నా. నాకు మాత్రం ఉండదా చూడాలని? ముక్కెట్లుండాదో, నవ్వెట్లుండాదో? పొద్దుగూకిందాకా ఆ ఎండలోనే ఉండా. ఒక్క సైకిలు రాలేదు. దోవలో మనసు మారి ఎనక్కి పోయినాడు, నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నా. పెండ్లి దాకా అదే దిగులు. అందుకే తెర దించంగానే అంతసేపు చూసినా, ఇష్టంగా చూస్తా ఉండాడా లేదా అని. ఈయన మిమ్మల్ని చూసినాడు."

పొడుగోడు కప్పు కింద పెట్టి, "ఇప్పుడు చూసినావు గదా, ఎట్లుండా?" అని అడిగాడు. "నలభై ఏండ్లుగా చూస్తానే ఉండా, ఇంకా తేలలేదు" అని ఆమె నవ్వుతూ కప్పులు తీసుకుని లోపలికి పోయింది. మేం ముగ్గురం ముసలివాళ్ళం అక్కడే కూర్చుండిపోయాం. స్నేహితుడికి అన్యాయం చేశానని ఇరవయ్యేళ్ళప్పుడు అన్నం మానేసిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నాకిప్పుడు జాలిగా నవ్వొస్తుంది. ఆ మిద్దె మీద కూడా ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటుందని వాడికి ఒక్కసారీ తోచలేదు.