వ్యానులో ఊదుబత్తి

ఆ రోజు పోయినవి లెక్కేస్తే ఒక వ్యాను అద్దం, నా ఎడమకాలి చెప్పు, తిరుచానూరు లాడ్జీలో సగం పూట పని. ప్రాణం మాత్రం మిగిలింది!

సోఫాలు కడిగే నా వ్యానులో గ్యాస్ గీజరు బిగించిన మెకానిక్ భాయ్‌కి ఒక అలవాటు. గీజరు వెలిగించగానే పొగగొట్టం దగ్గర ఊదుబత్తి పట్టుకుని, పొగ లోపలికి లాగుతోందా, వెనక్కి తన్నుతోందా అని కళ్లార్పకుండా చూసేవాడు.

"గీజరుకు పూజా భాయ్?" అన్నాను.

"విషగాలి కంటికి కనబడదు, ముక్కుకు తెలీదు. ఈ పొగ యాడికి పోతే అదీ ఆడికే పోతాదప్పా. దినానికొకటి ముట్టీ!"

ముప్పై ఏడు రోజులు ముట్టించాను. ముప్పై ఎనిమిదో రోజు, తిరుచానూరు లాడ్జీ ముందు వ్యాను ఆపగానే వాన. జల్లు లోపలికి కొడుతోందని బయటికున్న పొగగొట్టం మూతికి గోనెసంచి చుట్టేశాను. లోపలినుంచి గడియ పెట్టి, ఊదుబత్తి మరిచి, గీజరు వెలిగించాను. తల తిరిగి కూలబడ్డాను.

అదే లాడ్జీలో పనికొచ్చిన భాయ్ ఆ గోనె చూసి పరిగెత్తుకొచ్చాడు! స్పానరుతో అద్దం పగలగొట్టి, గడియ తీసి, నన్ను వానలోకి ఈడ్చాడు. నేను కళ్లు తెరవగానే ఆయన అడిగింది ఒక్కటే.

"ఊదుబత్తి యాడప్పా?"

"రేపు రెండు ముట్టిస్తాలే భాయ్."

"ఈ పొద్దుటి పొగ రేపు సూస్తావా?"

తర్వాత ఒక్క రోజూ తప్పలేదు. ఆ ఒక్కటి మాత్రం ఇంకా బాకీ.