నాకు బంతి వేసినవాళ్ళు

మా బడిలో బాస్కెట్‌బాల్ స్తంభం ఇప్పటికీ ఉంది. దానికి పిల్లల ర్యాంకుల ఫ్లెక్సీ కట్టారు. మొదటి ర్యాంకు అమ్మాయి ఫొటో వెనక రింగు ఉంటుంది, ఉందని నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. కింద కోర్టులో నకరికల్లు బస్సూ, కోటప్పకొండ వైపు వెళ్ళే బస్సూ నిలుపుతారు. నేను ఆ బడికి పీఈటీని, పిల్లలు డ్రిల్ సారు అంటారు. టైం టేబుల్లో గేమ్స్ పీరియడ్ పక్కన నా పేరే రాసి ఉంటుంది, క్లాసులోకి మాత్రం లెక్కల సారు వెళ్తాడు.

"సారూ, యూనిట్ టెస్టుంది. మీ పీరియడ్ ఇయ్యాల గూడా నేను దీసుకుంటన్నా," అంటాడు వెళ్తూ వెళ్తూ. మొదట్లో అడిగేవాడు, ఇప్పుడు చెబుతున్నాడు. నేను మెట్ల కింద స్టోర్ రూంలోకి వెళ్ళి, గాలి పోయిన బంతుల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పొద్దున ప్రార్థనకు విజిల్ ఊదాలి, సాయంత్రం పిల్లల్ని వరసలో బస్సులెక్కించాలి. మధ్యలో నా ఉద్యోగమంతా కూర్చోవడమే.

ఇంటి దగ్గరా అంతే. నరసరావుపేటలో ఒక మిద్దె మీద గది. పెళ్ళి సంగతి అడక్కండి, వచ్చిన సంబంధాలు ఒకటీ కుదరక ఇక ఆ మాట ఎత్తొద్దని నేనే అన్నాను. అన్నం కుక్కర్లో పెట్టుకుంటాను. కూర మాత్రం సందు చివర కర్రీ పాయింట్‌లో తెచ్చుకుంటాను. ఆ కర్రీ పాయింట్ నడిపే ఆవిడను అక్కా అని పిలుస్తాను. రోజూ ఆవిడతో ఆడే నాలుగు మాటలే నా సాయంత్రం కబుర్లు.

ఒకరోజు స్టోర్ రూంలో ఫోన్లో క్రికెట్ చూస్తుంటే మధ్యలో ప్రకటన అడ్డొచ్చింది. దాన్ని మూయబోయి ఎక్కడో నొక్కాను. వీధి బాస్కెట్‌బాల్ ఆట ఒకటి ఫోన్లోకి దిగి కూర్చుంది. తీసేద్దామనుకుంటూనే తెరిచాను. కాలేజీ రోజుల్లో జిల్లా స్థాయికి ఆడినవాణ్ణి మరి. మోకాలు చెడి మానేశాను గానీ, బంతి నేలకు తగిలే చప్పుడు వినబడితే ఇప్పటికీ చెయ్యి ఊరుకోదు.

ముందు ఆటగాణ్ణి ఎంచుకోమంది. ఎర్రజుట్టు వాడొకడు, ఒళ్ళంతా పచ్చబొట్లున్నవాడొకడు, మెడలో గొలుసులేసుకున్నవాడొకడు. చొక్కా లోపలికి దోపుకున్నవాడు ఒక్కడూ లేడు. నేను ఆడిన రోజుల్లో నాది బంతి అందించే పని. ఎంతసేపూ వాళ్ళకూ వీళ్ళకూ అందించడమే. ఈసారైనా బుట్టలో వేసేవాణ్ణి అవుదామని షూటర్‌ని తీసుకున్నాను. షూటర్ చేసేదేముంది, ఖాళీ చూసుకుని నిలబడాలి, ఎవరైనా బంతి వేస్తే గురి చూసి కొట్టాలి.

ఆటలో ఒక్కటే బుట్ట, అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఎడమ బొటనవేలితో పరుగు, కుడి బొటనవేలితో మిగతావన్నీ. రెఫరీ లేడు, ఫౌలూ లేదు. ఎదుటివాణ్ణి తోసి పడేయడానికి ప్రత్యేకంగా ఒక బటన్ పెట్టారు! ఇన్నేళ్ళుగా తోసుకోవద్దురా అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి నేను. వరసగా బుట్టలు పడితే బంతికి మంట అంటుకుంటుంది, ఆటగాడు ఇంటి కప్పంత ఎత్తు ఎగురుతాడు. ఇదేం ఆటరా నాయనా అనుకున్నాను. అనుకుంటూనే మర్నాడు పీరియడ్ గంట కోసం ఎదురుచూశాను.

నా వేళ్ళు మొద్దు. పరిగెత్తమంటే ఎగిరేవాణ్ణి, ఎగరమంటే బంతిని పోగొట్టుకునేవాణ్ణి. అయినా, ఎక్కడ కూర్చుని ఏ ఫోన్లోంచి ఆడుతున్నారో గానీ, నా జట్టులోని ఇద్దరూ విసుక్కోలేదు. నేను ఎక్కడ నిలబడినా బంతి సరిగ్గా నా చేతిలోకి వచ్చేది. తప్పితే మళ్ళీ వేసేవారు. అంత బుద్ధిగా పాస్ ఇచ్చే పిల్లల్ని నా సర్వీసులో చూడలేదు. వాళ్ళ పేర్లు అక్షరాలూ అంకెలూ కలిసిన గజిబిజి, అందుకని పొడుగువాణ్ణి పెద్దోడా అనీ, పొట్టివాణ్ణి చిన్నోడా అనీ మనసులో పిలుచుకున్నాను. ప్రతి ఆట మొదట్లో ఆ ఇద్దరి పేర్లే కనబడితే ప్రాణం లేచొచ్చేది. ఆట అయ్యాక ఇంగ్లీషు అక్షరాల్లో "తిన్నారా?" అని కొట్టేవాణ్ణి. పెద్దోడు ఒక బొటనవేలు బొమ్మ పంపేవాడు. తిన్నాడన్నమాట అనుకునేవాణ్ణి.

సాయంత్రాలూ ఆట పట్టుకున్నాను. కర్రీ పాయింట్ దగ్గర కాలు నిలవకుండా తొందరపడుతుంటే అక్క పట్టేసింది.

"ఏంది సారూ, ఎప్పుడూ లేంది ఇయ్యాల అంత తొందరేందీ?"

"మావాళ్ళు ఎదురుచూస్తుంటారక్కా," అన్నాను. నోరు జారింది.

"చుట్టాలొచ్చారా! మరి చెప్పవేం? ఒక్క పాకెట్టు ఏం సరిపోద్ది, చానా బాగుందిలే నీ వరస." కాదనే లోపలే పప్పుచారూ, గోంగూర పచ్చడీ కట్టి కవర్లో పడేసింది. "నా తరపున పెట్టు, వొద్దనబాక," అంది. ఆమె ముఖంలో అంత సంతోషం చూశాక నిజం చెప్పలేకపోయాను. ఆ చుట్టాల భోజనం కూడా నేనే తిన్నాను. ముద్ద దిగలేదని చెబితే అబద్ధం, గోంగూర బాగుంది. కానీ తింటున్నంతసేపూ ఎదురుగా ఫోన్ నిలబెట్టుకున్నాను.

ఒక స్థాయి దాటిన రోజు తెరంతా రంగు కాగితాలు రాలాయి. అభినందనలు, మీరిక నిజమైన ఆటగాళ్ళతో తలపడవచ్చు అని ఇంగ్లీషులో వచ్చింది. ఇక అంటే? మరి ఇప్పటిదాకా? ఫోన్ పట్టుకుని కంప్యూటర్ మేడం దగ్గరికి వెళ్ళి, ఎవరో తెలిసినవాళ్ళ సందేహమన్నట్టు అడిగాను.

"కొత్తోళ్ళు బెదిరిపోకుండా ముందు కంప్యూటరే ఆడిద్ది సార్, మనుషుల మాదిరి పేర్లు పెట్టుకోని. చిన్నపిల్లలకి గూడా తెలుసుగదా," అని నవ్వింది.

"అవునవును," అని నేనూ నవ్వి వచ్చేశాను. స్టోర్ రూం తలుపు దగ్గరికి వేసుకున్నాను. పెద్దోడు లేడు, చిన్నోడు లేడు. ఇన్నాళ్ళూ నేను తిన్నారా అని అడిగింది ఎవరినీ కాదు. ఇంట్లో మనిషి పోయినంత దిగులేసిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం.

మనుషులతో ఆట మొదలైంది. మనుషులని వెంటనే తెలిసిపోయింది, ఒక్కడూ బంతి వదలడు. మూల ఖాళీగా నిలబడి, బంతి అడిగే బటన్ నొక్కుతూనే ఉండేవాణ్ణి. నా బొమ్మ చెయ్యెత్తి ఊపేది. వాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని ఢీకొంటూ తామే వేయబోయి పోగొట్టేవారు. కొందరు నా స్థాయి చూసి ఆట మధ్యలోనే వెళ్ళిపోయేవారు. ఒకడు కోపం బొమ్మ పంపాడు, నేను అప్పటికి బంతి ముట్టనన్నా లేదు. కంప్యూటర్‌తో సాధన చేసుకునే చోటు ఇంకా ఉంది. ఒకసారి అక్కడికి వెళ్ళాను. బంతి వెంటనే చేతిలోకి వచ్చి పడింది. వేయబుద్ధి కాలేదు, మూసేశాను. నాకు గెలుపు అక్కర్లేదు. ఎవరో ఒకరు, మనిషన్నవాడు, ఒక్కసారి నన్ను చూసి బంతి వేస్తే చాలు. వానాకాలం వచ్చి వెళ్ళింది, ఎవరూ వేయలేదు. ఆటను ఫోన్లోంచి తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను.

మొన్న ఒక ఆదివారం పగటిపూట, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఆడుతున్నాను. మా జట్టు ఘోరంగా వెనకబడి ఉంది. బంతి మావాడొకడి దగ్గరుంది, వాణ్ణి ఇద్దరు కమ్మేశారు. నేను అలవాటుగా ఆ మూల నిలబడి చెయ్యెత్తాను. వాడు ఆగాడు. నా వైపు తిరిగాడు. ఎవడో, ఏ ఊరివాడో, వాడివీ నాలాగే మొద్దు వేళ్ళనుకుంటాను, బంతి నా తల మీదుగా ఎక్కడికో పోయి గీత అవతల పడింది. వెంటనే తెర మీద ఒక మాట వచ్చింది, "సారీ" అని.

మా పిల్లలెవరైనా అలాంటి పాస్ వేసి ఉంటే కోర్టు చుట్టూ పరిగెత్తించేవాణ్ణి. కంప్యూటర్ ఎన్నడూ అలా వేయలేదు, దానికి గురి తప్పడం తెలియదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఆట అలా సాగుతుండగానే, నా వయసు కూడా చూసుకోకుండా ఏడ్చాను. అంత చెత్త పాస్ మనిషి తప్ప ఇంకెవరూ వేయలేరు.