తొవ్వలో ఉన్న నెలలు

అడ్డంగా ఉన్న లెక్కల్ని నిలువుగా మార్చడం నా మొదటి కొలువు. "పొద్దెక్కేదాక అడ్డంగ పండేటోనికి నిలువు చేసే నౌకరి ఎవడిచ్చిండురా?" అని మా అమ్మ నవ్వేది.

ఇచ్చింది కొత్తగూడెంలోని ఒక చిన్న ఆరోగ్య సంస్థ, తొంభైల మొదట్లో. టేకులపల్లి అవతలి అడవి గూడేల్లో అందరినీ నెలనెలా తూచేవారు. కాగితం మీద మనిషికో వరస, వరసలో నెలకో గడి. ఆ పద్ధతి కంప్యూటరుకు ఎక్కదు. ప్రతి నెలా విడి వరసై, ఒకదాని కింద ఒకటి దిగాలి. ఖాళీ నెలలకు కూడా వరస పుడుతుంది. వాటిని తుడిచేయడం నా పనే. అప్పుడు గాని బరువు తగ్గే పసిపిల్లల్ని కంప్యూటరు ఏరి చూపదు. అది చూపిన ఇళ్లకే జీపు వెళ్లేది.

ఒక మధ్యాహ్నం తెర మీద వరసలు దిగుతుంటే, ఒక ముసలామె దగ్గర ఆగిపోయాను. నలభై కిలోలు. ముప్పై ఎనిమిది. ముప్పై ఆరు. తర్వాత మూడు నెలలు ఖాళీ. ఆ తర్వాత మూడు కిలోలు.

ముప్పైలో సున్నాను నా వేలే మింగిందనుకున్నాను. దానికా అలవాటుంది. కానీ ఆ కింద నాలుగు. ఆ కింద మూడున్నర. అడ్డంగా పడుకున్నప్పుడు కంటికి ఆనని అంకెలు, నిలువుగా లేచి నన్నే చూస్తున్నట్టున్నాయి. ఎండాకాలమే అయినా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

తూకం వేసే అక్కను అడిగాను.

"గామె సచ్చిపోయింది తమ్ముడూ," అంది తాపీగా.

"మరి ఈ మూడు కిలోలేంది?"

"గది గూడ గామెనే. కోడలి కడుపున మళ్ల పుట్టింది. గదే పేరు వెట్టిండ్రు. వేరే వరసల రాస్తనంటే గామె పెనిమిటి, ముసలాయన, రాయనియ్యలే."

వయసు గడిలో అవ్వ వయసే ఉంది. అందుకే కంప్యూటరు ఆ పాపను పాపగా చూడనేలేదు. పాపేమో తగ్గిపోతోంది. వరసను తెంచి, పాపకు కొత్త నంబరిచ్చాను. వెంటనే ఏరిన పిల్లల్లో తేలింది.

మర్నాడు జీపులో నేనూ వెళ్లాను. వాకిట్లో నులకమంచం మీద పాప ఏడవకుండా, పెద్దవాళ్లు చూసినట్టు చూస్తోంది. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తామంటే ముసలాయన కాదనలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆమె వరస తెంపినవా, సారూ?"

అక్క చెప్పి ఉంటుంది. అక్క మాత్రం చెప్పలేదంటుంది.

"తెంపలే తాతా. కిందమీద వెట్టిన," అన్నాను, కిందామీదా పడుతూ.

"నడుమ మూడు నెలలున్నయి గదా. గప్పుడామె మళ్లొచ్చే తొవ్వల ఉంది. తొవ్వ తుడవకు బిడ్డా. ఈడ ఉండలేక ఆడికి పోలేక అయితది."

పాప దవాఖానా నుంచి తిరిగొచ్చింది. ఆ నెల తూకంలో నాలుగున్నర. అక్క, నేను చాయ్ తాగి సంబరపడ్డాం.

ఆ నెల వరసలు దించినప్పుడు అవ్వ పేరున కూడా కొత్తది ఒకటి వచ్చింది, బరువు లేకుండా. కంప్యూటరు ప్రతి మనిషికీ ప్రతి నెలా ఒక వరస ఇస్తుంది. ఉన్నారా, పోయారా అని అడగదు. పాపకు వేరే వరస ఉంది. మరి ఈ నెల అవ్వ ఎక్కడుంది?

ఖాళీ వరసల్ని తుడిచేసే మీట నా వేలి కిందే ఉంది. సున్నాల్ని సైతం మింగే ఆ వేలు, ఆ రోజు కదల్లేదు.