ఆయుధపూజ నాటి వేలంపాట

రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టేదాన్నే అయినా, దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. చిన్నప్పుడు ఉబ్బసం ఉండడంతో నన్ను బడికి పంపలేదు. నారాయణగూడలోని మా ఇంట్లోనే నాన్న నాకు తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు పేపరు చదవడం నేర్పారు. చీకట్లో పెరట్లో ఏదైనా చప్పుడైతే, "వెళ్ళి చూసొచ్చి ఏమిటో నాకు చెప్పు" అనేవారు. వెళ్తే పిల్లి కనిపించేది, లేదా గాలికి ఊగే రేకు. ప్రతి చప్పుడుకూ ఒక కారణం ఉంటుందని నాకు అలా అలవాటైంది.

ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా అలాగే వెళ్ళి చూశాను. చాలాసార్లు చూశాను.

మా అత్తవారిది చిక్కడపల్లి. మా మామయ్య ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీర్ల కోసం ప్లాన్లు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయనకు ఒకటే సరదా, మోడల్ కిట్లు. పెట్టె విప్పితే చట్రాలకు అతుక్కుని సన్నసన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. ఒక్కొక్క ముక్కనూ కోసి, అంచు అరగదీసి, జిగురు పెట్టి అంటించి, రంగు వేయాలి. అప్పుడు అది విమానమో, రైలింజనో అవుతుంది. మా హాల్లో షోకేసు నిండా అవే.

అన్నిటికంటే పైన ఒక తెరచాప ఓడ ఉండేది, తెరచాపలు కట్టే మూడు కొయ్యలది. పెళ్ళయిన కొత్తలో ఆబిడ్స్‌లో కొన్న కిట్టట. చెక్కడం, అంటించడం మామయ్యది. కొయ్యల నుంచి కిందికి దిగే తాళ్ళన్నీ కట్టింది మా అత్తమ్మ. మల్లెపూలు కట్టే ముడితోనే ఆ దారాలన్నీ కట్టింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ముడులు చూపించి, "నా మొగుడు ఓడ చేసిండు గని, నేను కట్టకపోతే ఇది ఒడ్డు దాటకపోవు" అని నవ్వింది. మామయ్య పేపరు అడ్డం పెట్టుకుని తనూ నవ్వారు. ఆ ముడి నాకూ నేర్పింది.

అత్తమ్మకు ఇంకో పట్టుదల ఉండేది. ఎవరికి ఏం ఇచ్చినా, చివరికి చందా అయినా సరే, పదహార్లు కలపకుండా ఇవ్వనిచ్చేది కాదు. "గుండు సున్నాతోని ఇయ్యొద్దు బిడ్డా. ఇచ్చినట్టే ఉండదు" అనేది. ఒకసారి కరెంటు బిల్లుకు కూడా కలపమంటే మావారు తల పట్టుకున్నారు.

2009లో చిక్కడపల్లి ఇల్లు ఖాళీ చేసి అశోక్‌నగర్‌లో ఫ్లాటుకు మారాం. సామాను దింపుతుంటే ఓడ ఉన్న పెట్టె జారి పడింది. కొయ్యలు మూడూ ముక్కలయ్యాయి, తాళ్ళు చిక్కుపడ్డాయి, అడుగుభాగం ఒక్కటే మిగిలింది. అత్తమ్మ ఆ ముక్కలన్నీ కొంగులో ఏరుకుని, "పోనియ్, ఇంకోటి తెచ్చుకుని చేద్దాం. మనకు పనేమున్నది?" అంది. కానీ ఆ కిట్టును తయారుచేయడమే ఎప్పుడో మానేశారు.

మరుసటి ఏడు అత్తమ్మ పోయింది. ఏ జబ్బూ లేదు. మధ్యాహ్నం పడుకుని మళ్ళీ లేవలేదు. అదే ఏడాది మామయ్యకు పక్షవాతం వచ్చింది. మాట ముద్దయింది, కుడిచెయ్యి ముడుచుకుపోయింది. మంచి డాక్టరు దొరికారు, ఆ భగవంతుడి దయ. వేళ్ళతో పని చేయిస్తూ ఉంటే చెయ్యి తిరిగి వస్తుందని, లేకపోతే అలాగే బిగుసుకుపోతుందని ఆయన చెప్పారు.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి రబ్బరు బంతి ఇస్తే మామయ్య కింద పడేసేవారు. పెసలు ఏరమని పళ్ళెం ముందు పెడితే మొహం తిప్పుకునేవారు. "అంకుల్, జర నొక్కుండ్రి. మీరు గిట్ల చేస్తే ఆంటీ పైనుంచి నన్ను తిడతది" అని ఆ అమ్మాయి బతిమాలేది. ఒకరోజు ఆయన ఎడమచేత్తో షోకేసులోని విరిగిన ఓడను చూపించారు. "అది... తెస్తే... చేస్త" అన్నారు. జబ్బు చేశాక ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదటిసారి.

ఇక నాకు అదే పని అయింది. మావారు నేర్పితే ఇంటర్నెట్‌లో వేలంపాటలు చూడడం మొదలుపెట్టాను. దేశదేశాలవాళ్ళు అటక మీద మిగిలిపోయిన పాత కిట్లు అందులో అమ్ముతారు. మనం ఎంతవరకు పెట్టగలమో ముందే రాసి పెట్టవచ్చు. ఎవరైనా పోటీ వస్తే ఆ అంకె వరకు వెబ్‌సైటే మన తరఫున పెంచుకుంటూ పోతుంది. అది దాటాలంటే మళ్ళీ మనమే వచ్చి కొత్తగా పాడాలి. చాలామంది చివరి నిమిషం దాకా నక్కి ఉండి ఎగరేసుకుపోతారు. ఈలోగా మామయ్య చెయ్యి ఆడడానికి చిన్న కిట్లయినా కొందామని రెండు మూడు పాటల్లో దిగి నేను అలాగే పోగొట్టుకున్నాను.

2011లో బతుకమ్మ పూల బేరాల రోజుల్లో ఆ ఓడే కనిపించింది. అదే పెట్టె, అదే బొమ్మ, సీలు కూడా తీయలేదు. అమ్మేవాడు అమెరికాలో ఉన్నాడు. మామయ్య కుర్చీని కంప్యూటరు దగ్గరికి జరిపి చూపిస్తే, ఆయన తెర మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. అది కుడిచేతి వేలు. నేను లోపలే దండం పెట్టుకున్నాను.

మావారు వంద డాలర్లు మించవద్దన్నారు. నేను అక్షరాలా వందే పెట్టాను.

మా ఇంట్లో నవమినాడు ఆయుధపూజ చేస్తాం. పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, పూజలో ఉంచుతాం. మర్నాడు దశమి పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టుకోకూడదు. అత్తమ్మ కత్తిపీట కూడా ముట్టనిచ్చేది కాదు. నవమినాడు మా ఇంట్లో పప్పే, తరిగే కూర ఉండదు. ఆ సంవత్సరం నేను మామయ్య పట్టకార్లు, చిన్న కత్తులు, ఆకురాళ్ళు, కుంచెలు అన్నీ పీట మీద వరుసగా పెట్టాను. వాటి పక్కనే కంప్యూటరూ చేరింది. మావారు దుమ్ము దులపడానికి తీగలన్నీ గోడ నుంచి పీకి, చుట్ట చుట్టి పక్కన పెట్టారు. నేను కొత్త తువ్వాలు కప్పి, కీబోర్డు మీద బంతిపూలు పేర్చాను. మామయ్యను బొట్టు పెట్టమంటే చెయ్యి లేవలేదు. ఆయన తరఫున నేనే పెట్టాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మావారు అడిగారు. "ఓడ పాట ఎప్పుడు అయిపోతది?"

"రేపు కదండీ. వాళ్ళు మనకంటే ఒకరోజు వెనక ఉంటారు. అక్కడ నవమి అంటే మనకు దశమి."

ఆయన చెయ్యి తుడుచుకోవడం ఆపేశారు. "ఏందీ? అక్కడ టైమెంత పెట్టిన్రు?"

"పొద్దున్నే, తెల్లవారుజామున."

"అక్కడ తెల్లారుతుంటే ఇక్కడ పొద్దు వాలుతుంటది గదా! ఇయ్యాల్నే! ఇంకో గంటల అయిపోతది!"

నాన్న అన్ని లెక్కలు నేర్పిన నాకు ఈ చిన్న లెక్క తప్పింది.

ఎవరైనా వంద దాటితే ఇంకాస్త పెంచుదామంటూ మావారు గబగబా చొక్కా వేసుకుని నన్ను వెంటబెట్టుకుని సందు చివరనున్న నెట్ సెంటరుకు పరుగెత్తారు. అక్కడ షట్టరు సగం దించి ఉంది. లోపల కంప్యూటర్లన్నిటికీ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి ఉంది. యజమాని మెట్టు మీద కూర్చుని పులిహోర తింటున్నాడు.

"అన్నా, ఒక్కటి చాలు చేసియ్యవా. అర్జంటు."

"పూజల ఉన్నయన్నా. మా అమ్మ లోపల్నే కూసున్నది. నేను స్విచ్చేస్తే నన్నే ఆఫ్ చేస్తది." అని, పాపం, మాకు కూడా పులిహోర ఇవ్వబోయాడు.

ఇంటికి తిరిగి వచ్చాం. మావారి ఫోన్లో అప్పట్లో ఇంటర్నెట్ లేదు. "ఉద్వాసన ఇప్పుడే చెప్పేసెయ్. దేవుడు ఏమనడు" అంటూ ఆయన తువ్వాలు తీయబోయారు. అప్పుడు కుర్చీలోంచి మామయ్య ఎడమచెయ్యి ఎత్తారు.

"వద్దు... మీ అమ్మ... ఊకోదు."

మావారు చేతులు వెనక్కి తీసుకున్నారు. ముగ్గురం అలాగే హాల్లో, పీట ఎదురుగా కూర్చున్నాం. నేను నామాలు చదువుకుంటూ ఉన్నాను. నిజం చెప్తున్నాను, ఓడ కావాలని కూడా అడగలేదు. ఆ చెయ్యి మాత్రం బిగుసుకుపోకుండా చూడు తల్లీ అనుకున్నాను. ఆ గంట గడిచేదాకా ముగ్గురిలో ఎవరమూ అక్కడినుంచి లేవలేదు. దీపం వెలుగుతూనే ఉంది. పూలు కదల్లేదు. అందరం అక్కడే చూస్తున్నాం కాబట్టి ఇది ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

దశమి పొద్దున ఉద్వాసన చెప్పి, పూలు తీశాక తీగలు బిగించాం. పోయే ఉంటుందనుకుంటూనే ఒకసారి చూద్దామని తెరిచాను. మొట్టమొదట కనిపించింది అభినందనలు అనే మాట. పాట మేమే గెలిచాం.

మావారు పక్కకు వచ్చి ఎవరెవరు ఎంత పాడారో చూపే పేజీ తెరిచారు. కింది వరుసలో నా వంద ఉంది, నేను పెట్టిన రోజునే. దానిపైన ఎవరో నూట పదిహేను పెట్టి నన్ను దాటేశారు. ఆ పైన, నవమి మధ్యాహ్నం, పాట ముగియడానికి కొంచెం ముందు, నా పేరు మీదే ఇంకో పాట ఉంది.

నూట పదహారు.

మావారు నా వైపు చూశారు. పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా. వెనకనుంచి మామయ్య గొంతు వినిపించింది. "ఎంత?" అన్నారు. చెప్పాను. ఆయన మొహం ఒకపక్కే కదులుతుంది కదా, ఆ పక్కంతా నవ్వు పరుచుకుంది.

"గుండు సున్న... పెట్టనియ్యలె" అన్నారు.

కారణం ఉంటుందని నేను నమ్మేదాన్ని కాబట్టి వెతికాను. మొదట్లో నేనే పొరపాటున నూట పదహారు పెట్టానేమోనంటే, రెండు పాటలూ వేర్వేరు రోజులవి. వెబ్‌సైటే పెంచిందేమోనంటే, నేను దానికిచ్చిన హద్దు వందే. వెబ్‌సైటువాళ్ళకు మెయిల్ రాస్తే, అన్ని పాటల్లాగే అదీ మీ ఖాతా నుంచే వచ్చింది, పొరపాటేమీ లేదని మర్యాదగా జవాబిచ్చారు. ఎవరైనా దొంగతనంగా ఖాతాలోకి దూరారేమోనని నేనంటే, "దొంగ వచ్చి మనకు ఓడ కొనిపెట్టి పోతడా? అట్లాంటోడు దొరికితే ఫ్లాట్ లోన్ గూడ కట్టమందాం" అన్నారు మావారు. నవ్వారు గానీ, ఆ రోజునుంచి ఆయన ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా చెప్పులు వదిలి మాట్లాడతారు.

పెట్టె చలికాలంలో చేరింది. మామయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని సీలు తానే తీస్తానన్నారు. ఆ ఒక్క పనికి పూటంతా పట్టింది. మేం సాయం చేయబోతే ఒప్పుకోలేదు. మొదట్లో పట్టకార్లు జారిపోయేవి. ముక్క కింద పడితే వ్యాయామం అమ్మాయి నేల మీద పాకుతూ వెతికేది. "అంకుల్, బంతి పట్టుకోమంటే పట్టుకోలే. గీ చీమంత దానికి మాత్రం ఎంత పట్టున్నది చూడుండ్రి!" అని మా అందరికీ చూపించేది. వేసవి వచ్చేసరికి అడుగుభాగం పూర్తయింది. వానలకు కొయ్యలు నిలబడ్డాయి. మాట కూడా కాస్త కాస్త తేటపడింది, అదీ జిగురు గురించి మావారిని తిట్టడంలోనే.

తాళ్ళు కట్టే వంతు వచ్చినప్పుడు ఆయన దారపు ఉండ నా చేతికిచ్చారు. నేను మల్లెపూల ముడి వేశాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్క ముడీ తడిమి చూసి, "గట్లనే" అన్నారు. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఏ బడీ ఇచ్చి ఉండేది కాదు.

ఆ తర్వాత వేలంపాటల్లో నేనెప్పుడూ పదహార్లు కలిపే పాడాను. గెలిచినవి కొన్ని, పోయినవి చాలా. కాబట్టి అది మంత్రమేమీ కాదు. నవమినాడు కంప్యూటరును మళ్ళీ మళ్ళీ పూజలో పెట్టాను, నేను పాడని పాట మళ్ళీ ఎప్పుడూ పడలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ నేననను. మా అత్తమ్మను ఆ మాటతో పిలవడానికి నాకు నోరు రాదు. ఆమె బతికి ఉండగా కంప్యూటరును ముట్టుకున్నది దుమ్ము తుడవడానికే. నాన్న ఉంటే, వెళ్ళి చూసొచ్చి చెప్పు అనేవారు. చూశాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నేను సాక్ష్యం చెప్పగలిగింది ఒక్కటే. ఓడ గెలిచిన మరుసటి ఏడు నవమినాడు పీట మీద పనిముట్లు పేర్చి, కంప్యూటరు పెట్టి, పక్కన ఓడను ఉంచాను. తెరచాపలు మూడూ విప్పుకుని ఉంది. కుంకుమ గిన్నె పట్టుకుని మామయ్య వైపు చూశాను. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, కుడిచెయ్యి చాచి, ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, ఓడ ముందుభాగాన బొట్టు పెట్టారు. వణకలేదు. గుండ్రంగా, సరిగ్గా మధ్యలో కుదిరింది.